పొగకు పగ్గం వేసిన తేదీలు

ఈ కాలం పిల్లలకు చెబితే వింతగా ఉంటుంది గాని, ఒకప్పుడు పెట్రోలు బంకుల్లో ‘సీసం లేని పెట్రోలు’ అని బోర్డు రాసి దానికొక పంపు వేరుగా పెట్టేవారు. స్కూటరు తీసుకువెళ్ళినవారు పెట్రోలు పోయించుకోవడమే కాక, అందులో ఆయిలు కూడా కొలిచి కలిపించుకునేవారు. సిగ్నలు దగ్గర పది స్కూటర్లు ఆగితే చాలు, నీలిరంగు పొగ కమ్ముకునేది. ఇంటికి వచ్చి మొహం తుడుచుకుంటే చేతిరుమాలు నల్లబడేది. ఇప్పుడా బోర్డు లేదు. ఆయిలు కలపడం దాదాపు లేదు. నీలిపొగా చాలామటుకు పోయింది. ఇవన్నీ ఎలా పోయాయని ఎవరినైనా అడగండి, ‘టెక్నాలజీ పెరిగింది కదండీ’ అంటారు.

అది సగం మాటే. టెక్నాలజీ దానంతట అది పెరగలేదు. ఫలానా తేదీ తరువాత ఫలానా కొలతకు మించి పొగ వదిలే బండి అమ్మకూడదని ప్రభుత్వం చట్టం రాస్తే, లేదా కోర్టు ఉత్తర్వు ఇస్తే, అప్పుడు పెరిగింది. ఆ తేదీ గట్టిగా నిలబడ్డ చోట త్వరగా పెరిగింది, జారిన చోట జారింది. ఈ కథ అమెరికాలో మొదలై, మన ఊళ్ళ దాకా వచ్చింది.

అనాసపండు శాస్త్రజ్ఞుడు

1943 జులైలో లాస్ ఏంజిలిస్ నగరాన్ని ఒక పొగమబ్బు కప్పేసింది. కళ్ళు మండి, గొంతు పట్టేసి జనం హడలిపోయారు. రెండో ప్రపంచయుద్ధం జరుగుతున్న రోజులు గనక జపాను వాళ్ళు విషవాయువు వదిలారేమోనని కూడా అనుకున్నారు. ఊళ్ళో కృత్రిమ రబ్బరుకు ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీ ఒకటి ఉంటే, నేరం దానిమీద మోపి కొంతకాలం మూయించారు. ఫ్యాక్టరీ మూతబడింది గాని పొగ మాత్రం పోలేదు.

ఆ ముడి విప్పినవాడు ఆరీ హాగెన్-స్మిట్ అనే డచ్చి రసాయన శాస్త్రజ్ఞుడు. ఆయన అసలు పని వేరు. అనాసపండుకు ఆ వాసన ఏ పదార్థాల వల్ల వస్తుందో కనిపెట్టడం. పండు ఆవిరిని పట్టి పరీక్షించినట్టే ఊరి గాలినీ పట్టి పరీక్షించాడు. కార్ల పొగగొట్టాల నుంచి, ట్యాంకుల నుంచి బయటపడే కాలని పెట్రోలు ఆవిరి, ఇంజను వేడిలో పుట్టే నైట్రోజన్ ఆక్సైడులు కలిసి ఎండ తగిలితే ఓజోను పుడుతుందని, కళ్ళు మండించేది ఆ మిశ్రమమేనని 1950ల మొదట్లో తేల్చాడు. అంటే దోషి ఎక్కడో ఫ్యాక్టరీలో లేడు, ప్రతి ఇంటి ముందూ నిలబడి ఉన్నాడన్నమాట!

కారు కంపెనీలు దీన్ని అంత సులభంగా ఒప్పుకోలేదు. అప్పుడు కాలిఫోర్నియా రాష్ట్రం 1960లో ఒక తెలివైన చట్టం చేసింది. పొగ తగ్గించే పరికరాలు రెండు పరీక్షలో నెగ్గాయంటే చాలు, ఆ తరువాత అలాంటిది కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి అవుతుంది. ఆ పరికరం ఎవరు చేశారన్న దానితో నిమిత్తం లేదు. కారు కంపెనీలు 1967 మోడళ్ళకు ముందు మావల్ల కాదన్నాయి. 1964 జూన్‌లో కారు కంపెనీలతో సంబంధం లేని బయటి తయారీదార్ల పరికరాలు నాలుగు నెగ్గాయి. తమ కార్లకు ఎవరివో డబ్బాలు కొని తగిలించవలసి వచ్చేసరికి, రెండు నెలలు తిరక్కుండానే, 1966 మోడళ్ళకు మా సొంత ఏర్పాటు సిద్ధంగా ఉందని అవే కంపెనీలు ప్రకటించాయి. ‘కాదు’ అన్నది ‘అవును’ కావడానికి కొత్త విజ్ఞానమేమీ అక్కరలేకపోయింది. ఈ కంపెనీలు తమలో తాము కూడబలుక్కుని పొగ పరికరాలను తొక్కిపెట్టాయని 1969లో అమెరికా న్యాయశాఖ దావా కూడా వేసింది. అది విచారణ దాకా పోకుండా అదే ఏడాది రాజీ డిక్రీతో ముగిసింది.

అసలు ఘట్టం 1970 డిసెంబరు 31న వచ్చింది. సెనేటర్ ఎడ్మండ్ మస్కీ పట్టుబట్టి నడిపించిన గాలి శుద్ధి చట్టం మీద అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేశాడు. కార్బన్ మోనాక్సైడు, కాలని పెట్రోలు ఆవిరి 1975 కల్లా నూటికి తొంభై వంతులు తగ్గాలి. నైట్రోజన్ ఆక్సైడులకు మరొక్క ఏడాది గడువు. విశేషమేమిటంటే, ఆనాటికి అంత తగ్గించగల యంత్రం బజారులో లేదు. లేని యంత్రం పేరిట చట్టం రాశారు. అది మొండితనమే, అయితే లెక్క చూసుకుని చేసిన మొండితనం. ఉన్న యంత్రానికి సరిపోయేట్టు చట్టం రాస్తే, ఉన్న యంత్రమే ఎప్పటికీ ఉంటుంది.

పెద్ద కంపెనీలు గగ్గోలు పెట్టాయి. సరిగ్గా ఆ సమయంలోనే జపానులో మోటారు సైకిళ్ళతో పేరు తెచ్చుకుని, కార్లలోకి కొత్తగా దిగిన హోండా కంపెనీ 1972లో సి.వి.సి.సి. అనే ఇంజను చూపించింది. ప్రతి సిలిండరు పక్కన ఒక చిన్న గది. అందులో చిక్కటి మిశ్రమానికి నిప్పంటిస్తే, ఆ మంట పెద్ద గదిలోని పలచటి మిశ్రమాన్ని పూర్తిగా కాలుస్తుంది. పొగగొట్టానికి ఏ తగిలింపూ లేకుండానే అది 1975 ప్రమాణాన్ని అందుకుంది. చిన్న కారుకు కుదిరింది సరే, పెద్ద కార్లకు కుదురుతుందా అన్నారు. హోండావారు అమెరికా కంపెనీ చేసిన షెవర్లే ఇంపాలా కారునే తెచ్చి, దాని ఇంజనును ఈ పద్ధతికి మార్చి, ప్రభుత్వ పరీక్షకు పంపారు. అదీ నెగ్గింది.

అయినా గడువు కొంత జారింది. 1973లో ఒక ఏడాది వాయిదా ఇచ్చారు, ఆ తరువాత మరికొన్ని. తొంభై వంతుల తగ్గింపు పూర్తిగా అమలు కావడానికి 1980-81 దాకా పట్టింది. కాని వాయిదా ఇచ్చినప్పుడు మధ్యలో పెట్టిన ప్రమాణం కూడా తక్కువదేమీ కాదు. దాన్ని అందుకోవాలన్నా కొత్త తగిలింపు కావలసిందే. అలా 1975 మోడళ్ళతో క్యాటలిటిక్ కన్వర్టరు కార్ల కిందికి చేరింది.

చూడటానికి అది సైలెన్సరు లాంటి ఒక డబ్బా. లోపల తేనెపట్టులా సన్నటి గొట్టాలున్న పింగాణీ దిమ్మ. ఆ గొట్టాల గోడల మీద ప్లాటినం, పల్లాడియం వంటి బంగారంతో పోటీపడే లోహాల పూత. పొగ వాటి గుండా వెళ్ళేటప్పుడు కార్బన్ మోనాక్సైడు బొగ్గుపులుసు వాయువుగా, కాలని పెట్రోలు నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువులుగా మారతాయి. తరువాత రోడియం అనే మరో లోహం చేరి, నైట్రోజన్ ఆక్సైడులను కూడా విడగొట్టింది. ఈ మూడు పనులూ ఒకేసారి జరగాలంటే బరువు లెక్కన ఒక వంతు పెట్రోలుకు దాదాపు 14.7 వంతుల గాలి కచ్చితంగా అందాలి. కార్బొరేటరుకు అంత నిలకడ లేదు. అందుకని పొగలో ప్రాణవాయువు ఎంత మిగిలిందో క్షణక్షణం చూసి చెప్పే సెన్సరు, దాని మాట విని పెట్రోలు కొలిచే చిన్న కంప్యూటరు వచ్చాయి. కారులోకి కంప్యూటరు తెచ్చినవాటిలో పొగ చట్టం ఒకటి.

సీసం కథ

ఈ డబ్బాకు ఒక శత్రువు ఉంది, సీసం. ఇంజను టకటకా కొట్టుకోకుండా ఉండటానికి పెట్రోలులో సీసపు మందు కలపవచ్చని జనరల్ మోటార్స్‌లో థామస్ మిజ్లీ 1921లో కనిపెట్టాడు. అప్పటి నుంచి ప్రపంచమంతా అదే కలిపింది. సీసం విషమని తెలియక కాదు. రోమనుల కాలం నుంచీ తెలుసు. కాని ఆ సీసం కన్వర్టరులోని లోహపు పూత మీద పేరుకుని దాన్ని పనికిరాకుండా చేస్తుంది. దాంతో 1974 జులై నుంచి అమెరికాలో పెద్ద బంకులన్నీ సీసం లేని పెట్రోలు తప్పనిసరిగా పెట్టాలన్నారు. చూశారా ఎంత చిత్రమో! పిల్లల మెదడు దెబ్బతింటుందని డాక్టర్లు ఎంత చెప్పినా కదలని సీసం, ఒక డబ్బా పాడవుతుందనేసరికి కదిలింది.

మన దేశంలోనూ వరస అదే. 1995 ఏప్రిల్ 1 నుంచి ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరాల్లో కొత్తగా అమ్మే పెట్రోలు కార్లకు కన్వర్టరు ఉండాలన్నారు. దానికోసమే ఆ నగరాల్లో సీసం లేని పెట్రోలు వచ్చింది. నేను మొదట చెప్పిన బోర్డులు అప్పటివే. ఆ కారేసుకుని దూరపు ఊరికి బయలుదేరితే దారిలో ఆ పెట్రోలు దొరుకుతుందా అన్నది పెద్ద బెంగ. ఒకటి రెండు ట్యాంకులు సీసపు పెట్రోలు పోయిస్తే చాలు, వేలు పోసి కొన్న కన్వర్టరుకు కాలం చెల్లినట్టే. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా పెట్రోలులో సీసం కలపడం మానేశారు. ప్రపంచంలో ఆఖరుగా మానిన దేశం అల్జీరియా, 2021 జులైలో.

దీనివల్ల మనకేం ఒరిగిందని అడిగేవారికి ఒక లెక్క ఉంది. 1997లో బెంగుళూరులోని జార్జ్ ఫౌండేషన్ హైదరాబాదు, మద్రాసు, బెంగుళూరు, బొంబాయి సహా ఏడు నగరాల్లో రక్తపరీక్షలు చేయించింది. పన్నెండేళ్ళ లోపు పిల్లల్లో సగం మందికి పైగా రక్తంలో సీసం డెసిలీటరుకు 10 మైక్రోగ్రాములు దాటి ఉంది. ఒక్క బొంబాయిలోనే చూస్తే నూటికి సుమారు 62 మంది. పెట్రోలులో సీసం మానేశాక కొద్ది ఏళ్ళకే బొంబాయిలో మళ్ళీ పరీక్షిస్తే ఆ 62 కాస్తా 33కు దిగింది. ఆ పిల్లలకు ఎవరూ మందు వేయలేదు, పథ్యం పెట్టలేదు. మిగిలిన ఆ 33 మంది సంగతి వేరు. రంగులు, పాత బ్యాటరీలు కరిగించే కొలుముల వంటి ఇతర దారులు ఇంకా మూతపడలేదు.

రాజధానిలో రచ్చ

ఢిల్లీ గాలి మీద ఎం.సి. మెహతా అనే న్యాయవాది సుప్రీంకోర్టులో వేసిన దావా 1985 నాటిది. అది ఏళ్ళ తరబడి నడిచింది. 1996లో అనిల్ అగర్వాల్ స్థాపించిన సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ ‘మెల్లమెల్లగా జరుగుతున్న హత్య’ అనే అర్థం వచ్చే పేరుతో వాహనాల పొగ మీద పుస్తకం వేశాక వేడి పుట్టింది. 1998 జులై 28న కోర్టు ఒక జాబితా ఇచ్చింది. బస్సులన్నీ 2001 మార్చి 31 కల్లా సి.ఎన్.జి. మీదికి మారాలన్నది అందులో ముఖ్యం. 1999 ఏప్రిల్ 29న మరో ఉత్తర్వు. రాజధాని ప్రాంతంలో అమ్మే సొంత కార్లు ఆ జూన్ 1 నుంచి యూరో-1, 2000 ఏప్రిల్ 1 నుంచి యూరో-2 ప్రమాణాలు అందుకోవాలి. ఐరోపాలో ఈ రెండు మెట్ల మధ్య నాలుగేళ్ళు నడిచింది. ఇక్కడ పది నెలలు! కంపెనీలు సణిగాయి, కాని ఆ తేదీలకు కార్లు తెచ్చాయి. చేతకాక ఆగినది కాదని తేలిపోయింది.

బస్సుల సంగతి అంత సాఫీగా సాగలేదు. గ్యాసు బంకులు చాలలేదు. ఆటోలవాళ్ళు రాత్రంతా వరసలో నిలబడేవారు, తెల్లవారాక తోలడానికి ఓపిక ఉండేది కాదు. గడువు జరిగింది. 2002 ఏప్రిల్ 5న కోర్టు ఇక లాభం లేదని, డీజిలు బస్సు తిప్పితే రోజుకు 500 రూపాయలు, నెల దాటితే 1,000 రూపాయలు జుల్మానా అన్నది. ఆ ఏడాది డిసెంబరు 1 నాటికి ఆఖరి డీజిలు సిటీ బస్సు ఢిల్లీ వీధుల నుంచి తప్పుకుంది. నాకు నచ్చనిదల్లా ఒక్కటే, కార్ల కంపెనీకి చట్టం కాగితం మీద కష్టం, ఆటో తోలేవాడికి ఆ కష్టం రాత్రి నిద్ర. తేదీ పెట్టినప్పుడు బంకులు కూడా ఆ తేదీకే సిద్ధం చేసి ఉంటే ఆ నిద్ర పోయేది కాదు.

ఇక స్కూటర్లు. టూ స్ట్రోక్ ఇంజనులో కొత్త పెట్రోలు లోపలికి వచ్చే దారి, పాత పొగ బయటికి పోయే దారి ఒకేసారి తెరుచుకుని ఉంటాయి. పోసిన పెట్రోలులో కొంత, ఒక్కోసారి మూడో వంతు దాకా, కాలకుండానే బయటికి పోతుంది. పైగా ఆయిలు కూడా దాంతోనే కాలుతుంది. నీలిపొగ రహస్యం అదే. 1991లో రెండు చక్రాల బళ్ళకు కిలోమీటరుకు 12 నుంచి 30 గ్రాముల కార్బన్ మోనాక్సైడు దాకా వదలవచ్చని ఉంటే, 2000లో ఆ హద్దు 2 గ్రాములకు, 2020లో 1 గ్రాముకు వచ్చింది. మాటల్లో ఎంత చెప్పినా ఫోర్ స్ట్రోక్‌కు మారని కంపెనీలు ఈ అంకెలకు మారాయి. కుర్రకారు ప్రాణం పెట్టిన యమహా ఆర్.ఎక్స్.100 తయారీ 1996లోనే ఆగింది. 2018లో దాని పేరుతో తెలుగు సినిమా వచ్చిందంటే ఆ మోజు ఎంతటిదో ఊహించుకోవచ్చు. కుటుంబమంతా ఎక్కి తిరిగిన బజాజ్ చేతక్ కూడా టూ స్ట్రోక్‌గా పుట్టి, ఫోర్ స్ట్రోక్‌గా మారి, ఆగిపోయి, 2020లో బ్యాటరీ బండిగా అదే పేరుతో తిరిగి వచ్చింది.

షోలాపురానికి ఒకటి, పక్క ఊరికి ఒకటి

మన దేశంలో ఈ కథకు ఒక మెలిక ఉంది. కొత్త ప్రమాణం వచ్చినప్పుడల్లా ముందు పెద్ద నగరాలకు, కొన్నేళ్ళకు మిగతా దేశానికి అన్నారు. 2010 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్-4 మొదలైనప్పుడు పదమూడు నగరాల జాబితాలో హైదరాబాదు, చెన్నై, బెంగుళూరు, పుణెలతో పాటు మన పద్మశాలీల షోలాపురం కూడా ఉంది. అక్కడ అమ్మే కారుకు ఒక కొలత, జాబితాలో లేని పక్క ఊళ్ళో అమ్మే కారుకు వేరే కొలత! గాలికి జిల్లా సరిహద్దు తెలియదు గదా. దేశమంతటికీ ఒకే కొలత రావడానికి 2017 దాకా, అంటే ఏడేళ్ళు పట్టింది.

దీనికి కారణం బండిలో కాదు, నూనెలో ఉంది. సీసం లాగే గంధకం కూడా కన్వర్టరుకు కీడు చేస్తుంది. 1990ల మొదట్లో మన డీజిలులో పది లక్షల వంతులకు 10,000 వంతుల దాకా గంధకం ఉండేది. స్టేజ్-3లో 350, స్టేజ్-4లో 50, స్టేజ్-6లో 10. ఆ గంధకాన్ని తియ్యాలంటే రిఫైనరీలో డీజిలును బాగా వేడిచేసి, ఒత్తిడి మీద హైడ్రోజన్ వాయువుతో కలపాలి. గంధకం విడివడి, చివరకు పసుపుపచ్చటి పొడిగా చేతికి వస్తుంది. మణలి, పారదీప్, మంగుళూరు, ముంబయి, విశాఖ, ఎక్కడి రిఫైనరీ అయినా ఇందుకు వేల కోట్లతో కొత్త కర్మాగారాలు కట్టుకోవలసిందే. రాష్ట్రాలు దాటి తిరిగే లారీ ఏ ఊళ్ళో డీజిలు పోయించుకుంటుందో తెలియదు గనక, నగరంలో మంచి డీజిలు ఉన్నా లారీలు పాత మెట్టు మీదే ఉండిపోయాయి.

కొలత మారే తేదీ నిజంగా ఏమిటన్నది 2017 మార్చి 29న తేలింది. ఏప్రిల్ 1 నుంచి స్టేజ్-3 బళ్ళు ‘తయారు’ చేయకూడదా, ‘అమ్మ’కూడదా? తయారైనవి అమ్ముకోవచ్చని కంపెనీలు అనుకున్నాయి. గోదాముల్లో ఎనిమిది లక్షల పైచిలుకు బళ్ళు ఉన్నాయి, ఎక్కువ భాగం రెండు చక్రాలవే. అమ్మకూడదు, కంపెనీల నష్టం కంటే జనం ఆరోగ్యం ముఖ్యమని సుప్రీంకోర్టు చెప్పింది. మిగిలినవి రెండు రోజులు. వేల రూపాయల తగ్గింపు ప్రకటించేసరికి దుకాణాల ముందు సంక్రాంతి రద్దీ! అప్పుడు కొన్న బండి చాలామంది ఇళ్ళలో ఇంకా ఉండే ఉంటుంది.

ఆ దెబ్బతో 2020 ఏప్రిల్ 1 తేదీని ఎవరూ తేలిగ్గా తీసుకోలేదు. అంతకుముందే, 2016 జనవరిలో, అయిదో మెట్టు వదిలేసి నాలుగు నుంచి ఆరుకు దూకుతామని ప్రభుత్వం ప్రకటించింది. మూడేళ్ళలో దూకారు కూడా. చిన్న బైకులకు సైతం కార్బొరేటరు పోయి ఇంజక్షను వచ్చింది. డీజిలు బళ్ళకు మసిని పట్టే ఫిల్టరు, పెద్దవాటికి యూరియా ద్రావణం పోసే వేరే ట్యాంకు వచ్చాయి. పొలానికి వేసే యూరియాకు శుద్ధమైన చుట్టమే అది, నైట్రోజన్ ఆక్సైడులను విరిచేస్తుంది. ఆ ఖర్చు చిన్న డీజిలు కారుకు గిట్టక మారుతి కంపెనీ ఆ తేదీతో డీజిలు కార్లే మానుకుంది. బండి ధర పెరిగిన మాట నిజమే, అది మన జేబు నుంచే పోయింది.

చట్టం గట్టిదైతే మోసమూ తెలివి మీరుతుంది. వోక్స్‌వ్యాగన్ కంపెనీ తన డీజిలు కార్ల కంప్యూటరులో, పరీక్ష జరుగుతోందని పసిగట్టి అప్పటికి మాత్రం శుభ్రంగా నడిచే ఏర్పాటు చేసింది. వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం వారు కొలిచే పరికరాన్ని కారులోనే పెట్టుకుని రోడ్డు మీద తిరిగితే గుట్టు బయటపడింది. రోడ్డు మీద నైట్రోజన్ ఆక్సైడులు హద్దుకు నలభై రెట్ల దాకా ఉన్నాయని 2015 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం ప్రకటించింది. ప్రపంచం మొత్తం మీద అలాంటి కార్లు కోటీ పది లక్షలు. మన దేశంలోనూ మూడు లక్షల పైగా కార్లను వెనక్కి పిలవవలసి వచ్చింది. గదిలో పరీక్ష చాలదని, 2023 ఏప్రిల్ నుంచి ఇక్కడ కూడా కొత్త కార్లను రోడ్డు మీద నడిపి పొగ కొలుస్తున్నారు.

ఈ చట్టాలన్నీ కొత్త బళ్ళకే. పాత బండి తాను పుట్టిననాటి కొలత ప్రకారమే తిరుగుతుంది. సెకండ్ హ్యాండు కారు కొనేవారు ముందు అద్దానికి అంటించిన స్టిక్కరు చూడండి. లేత నీలం పెట్రోలుకు, సి.ఎన్.జి.కి, నారింజ రంగు డీజిలుకు. దాని పైఅంచున సెంటీమీటరు వెడల్పున ఆకుపచ్చ పట్టీ ఉంటే అది స్టేజ్-6 బండి. స్టిక్కరు చిరిగిపోయి ఉంటే, ఈమధ్యకాలపు ఆర్.సి. కార్డుల మీద కూడా ఏ స్టేజో అచ్చువేసి ఉంటుంది.